అమ్మమ్మ గొంతులో ఇంటి కథ: 12 నిమిషాల ఆడియో చేసే పద్ధతి

ఇంట్లో పెద్దవాళ్ల మాటలు రికార్డు చేద్దామని మొదలుపెట్టినవాళ్లలో చాలామందికి చివరికి మిగిలేది ఫోన్లో పడి ఉన్న గంటల కొద్దీ ఫైళ్లే. వాటిని మళ్లీ ఎవరూ వినరు, రికార్డు చేసినవాళ్లతో సహా. ‘అమ్మమ్మ జీవితం’ అంటూ మోయలేనంత పని నెత్తిన పెట్టుకోవడమే దీనికి కారణం. ఒక మనిషి, ఒక ఇల్లో ఒక పనో ఒక ప్రయాణమో, 12 నిమిషాలు: మొదటి భాగానికి ఇంతకు మించి పెట్టుకోవద్దు. అది పూర్తయి నలుగురు విన్నాక రెండోది దానంతటదే వస్తుంది.

ఆ 12 నిమిషాలకు ముప్పావుగంట చొప్పున రెండు కూర్చోవడాలు కావాలి. విని గుర్తులు పెట్టుకోవడానికి రెండు మూడు గంటలు, కొత్తవాళ్లయితే ఎడిటింగుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు వేసుకోండి. వారాంతాల్లో చేస్తే నెల పని.

దేని గురించి

‘మీ జీవితం గురించి చెప్పు’ అని అడిగితే వచ్చే జవాబు ఏ ఇంట్లోనైనా ఒకటే: ‘ఏముందమ్మా చెప్పడానికి, పుట్టాం, పెరిగాం, పిల్లల్ని కన్నాం.’ తప్పు వాళ్లది కాదు, ప్రశ్నది. అంత పెద్ద ప్రశ్నకు ఎక్కడ మొదలుపెట్టాలో ఎవరికీ తెలియదు. పెళ్లయి అత్తారింటికి వచ్చిన మొదటి వారం, సాగర్ కాలువ నీళ్లు రాకముందు పొలం, శ్రీశైలం ప్రాజెక్టు కింద మునిగిపోయిన ఊళ్లో ఇల్లు ఉన్న చోటు, మగ్గం గుంటలో కూర్చున్న పదేళ్లు, బర్మా నుంచి తిరిగొచ్చిన ఓడ ప్రయాణం. ఇలా వేలితో చూపించగలిగేంత చిన్నదాన్ని పట్టుకోవాలి.

మాట రావడానికి అన్నిటికంటే బాగా పనిచేసేది వస్తువు. మన ఇళ్లలో అటక మీదే కావలసినంత సరుకు ఉంటుంది. పేర్లు కొట్టించిన ఇత్తడి బిందెలు, స్టీలు గిన్నెలు తీయండి. ఇచ్చినవారి పేరు, ఒక్కోసారి తేదీ కూడా వాటి మీద చెక్కి ఉంటుంది. ‘ఈ బిందె మీద పేరు ఎవరిది తాతయ్యా?’ అన్న ఒక్క ప్రశ్నకు అరగంట కథ వస్తుంది. ఫొటో చేతికిస్తే మాత్రం ఒక జాగ్రత్త. ‘ఇదిగో వీడు, పక్కన ఉన్నది ఆవిడ’ అని చెప్పేస్తారు, వినేవాళ్లకు ఏమీ కనిపించదు. ‘ఫొటో లేనివాళ్లకు చెబుతున్నట్టు చెప్పు’ అని ముందే అనాలి.

రికార్డింగుకు వారం ముందు, ఏ యంత్రమూ లేకుండా ఒకసారి కూర్చుని మాట్లాడండి. ఎక్కడ కథ ఉందో అప్పుడే తెలుస్తుంది. ఆ రోజు కథ మొత్తం చెప్పించుకోవద్దు. రెండోసారి చెప్పేటప్పుడు ‘అదే, మొన్న చెప్పానుగా’ అని సగం మింగేస్తారు. అసలైన మలుపు వస్తోందనిపించగానే ‘ఇది ఆదివారం చెప్పు’ అని ఆపేయండి.

ప్రశ్నలు

ఎనిమిది ప్రశ్నలు చాలు, కాగితం మీద పెద్ద అక్షరాల్లో. అవును, కాదు అని తేల్చేసే ప్రశ్నలు పనికిరావు. ‘అప్పట్లో కష్టంగా ఉండేదా?’ అంటే ‘ఆఁ, కష్టమే’ అంటారు. ‘తెల్లారి లేచాక మొదట ఏం చేసేదానివి? నీళ్లు ఎక్కణ్ణుంచి? ఎన్ని బిందెలు? బావి గిలక చప్పుడు ఎలా ఉండేది?’ అని అడిగితే కష్టం దానంతటదే బయటపడుతుంది. వాసన, చప్పుడు, ధర, దూరం అడగండి. ‘ఎలా అనిపించింది’ అన్నదాన్ని చివరికి ఉంచండి, లేదా వదిలేయండి.

ఎడిటింగులో మీ ప్రశ్న చాలాసార్లు తీసేస్తారు. అందుకే జవాబులో విషయం ఉండాలి. ‘పన్నెండేళ్లకి’ అంటే ఎవరికి, ఏమిటో తెలియదు. ‘నాకు పన్నెండేళ్లప్పుడు మా నాన్న నన్ను బడి మాన్పించాడు’ అని రావాలి. ముందే ఒకసారి చెప్పి చూడండి, పెద్దవాళ్లు రెండు నిమిషాల్లో మరిచిపోతారు. మాటిమాటికీ గుర్తుచేస్తే కథ చెడుతుంది. అలాంటి చోట తర్వాత మీరే ఒక వాక్యం చెప్పి అతికించుకోవచ్చు.

సంవత్సరాల గురించి వాదన వద్దు. పెద్దవాళ్ల క్యాలెండరు వేరు. ఉప్పెన అంటే దివిసీమలో 1977 నవంబరు 19. గోదావరి పుష్కరాలైతే 1967, 1979, 1991. కృష్ణా పుష్కరాలు దానికి ఏడాది తర్వాత, 1968, 1980, 1992. తెలంగాణలో పోలీసు చర్య అంటే 1948 సెప్టెంబరు. అణాలు పోయి నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. పట్టపగలు చీకటైన సూర్యగ్రహణం 1980 ఫిబ్రవరి 16. ‘ఇది పుష్కరాలకు ముందా, తర్వాతా? పెద్దమామయ్య పుట్టాడా అప్పటికి?’ అని అడిగితే ఏడాది అటూ ఇటూగా తేలిపోతుంది. పుట్టిన సంవత్సరానికి తెలుగు పేరు గుర్తుంటే ఇంకా మేలు. ఖర అంటే 1951 ఉగాది నుంచి 1952 ఉగాది దాకా. పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తాయి కాబట్టి పొరపాటుకు చోటు లేదు. సర్టిఫికెట్లో తేదీని నమ్మవద్దు, అది చాలామందికి బడిలో చేర్చిన రోజు మాస్టారు వేసిన తేదీ.

చోటు, వేళ

టైల్సు, గ్రానైటు పరిచిన హాలు రికార్డింగుకు అన్నిటికంటే చెడ్డ గది. గొంతు గోడలకు తగిలి తిరిగొచ్చి డబ్బాలోంచి మాట్లాడినట్టుంటుంది. తర్వాత సాఫ్ట్‌వేరుతో దాన్ని శుభ్రంగా తీయడం కష్టం. ఒకసారి చప్పట్లు కొట్టి చూడండి, టంగుమని మోగితే ఆ గది వద్దు. పరుపు, బట్టల బీరువా, కిటికీకి మందం కర్టెన్లు ఉన్న చిన్న పడగ్గది మంచిది. ఎదురు గోడకు బొంతో దుప్పటో వేలాడదీస్తే ఇంకా బాగుంటుంది. పెంకుటింటి అరుగు మీద మోత ఉండదు, కాకులూ మోటారు బళ్లూ ఉంటాయి. పొద్దున్నే అయితే పనికొస్తుంది.

ఫ్యాను ఆపాలి. ఇది తప్పదు. మే నెలలో ఎనభై ఏళ్ల మనిషిని ఫ్యాను లేకుండా గంట కూర్చోబెట్టడం కూడా తప్పే. కాబట్టి 15 నిమిషాలు రికార్డింగు, 10 నిమిషాలు ఫ్యాను, మళ్లీ 15 నిమిషాలు. వీలైతే ఈ పని సంక్రాంతి సెలవులకు పెట్టుకోండి. ఫ్రిజ్ స్విచ్చి ఆపి, మీ బండి తాళం చెవి ఫ్రిజ్‌లో పెట్టండి, మళ్లీ వేయడం మరిచిపోరు. కుక్కరు ఎక్కించే వేళ, గుడి మైకు వేళ, సీరియల్ వేళ తప్పించండి. టిఫిను, మాత్రలు అయ్యాక పదింటికి, లేదంటే కునుకు తీసి టీ తాగాక నాలుగింటికి గొంతు బాగుంటుంది. ప్లాస్టిక్ కుర్చీ, నవారు మంచం కిర్రుమంటాయి. బరువైన చెక్క కుర్చీ వేసి దాని మీద దిండు పెట్టండి. నోరు ఎండితే కట్టుడు పళ్లు టకటకలాడతాయి. గోరువెచ్చని నీళ్లు దగ్గరుంచండి, స్టీలు గ్లాసులో కాదు.

గాజుల చప్పుడు చాలా ఇబ్బంది పెడుతుంది. అయినా ‘గాజులు తీసేయండి’ అని పెద్దావిడను అడగకూడదు. ఆ మాటకు మన ఇళ్లలో ఉన్న అర్థం వేరు. ఒళ్లో మెత్తటి దిండు పెట్టి చేతులు దాని మీద ఉంచమంటే సగం చప్పుడు తగ్గుతుంది. మిగిలిన సగం ఉండనివ్వండి, ఆ గొంతుతోపాటు ఆ గాజులు కూడా గుర్తుండాల్సినవే.

యంత్రం

ఫోను చాలు. దాన్ని ఎక్కడ పెట్టారన్నదే మొత్తం తేడా. నోటికి ఒక జానెడు నుంచి మూరెడు లోపు, కొంచెం పక్కగా, మెత్తటి తువ్వాలు మీద పెట్టాలి. బల్ల మీద నేరుగా పెడితే వేలితో తట్టిన ప్రతిసారీ బాంబు పేలినట్టుంటుంది. ఫ్లైట్ మోడ్ వేయండి. మధ్యలో కాల్ వస్తే చాలా ఫోన్లలో రికార్డింగు ఆగిపోతుంది, ఆగిందని మీకు తెలియదు.

ఫైలు వేవ్ ఫార్మాట్‌లో (గొంతును కుదించకుండా దాచే పద్ధతి), 48 కిలోహెర్ట్జ్, మోనోలో (ఒకే చానెల్) ఉండాలి. 16 బిట్ అయితే గంటకు సుమారు 350 ఎంబీ, 24 బిట్ అయితే 520 ఎంబీ అవుతుంది. ముందే ఖాళీ చూసుకోండి. ఐఫోన్ వాయిస్ మెమోస్‌లో మామూలుగా కుదించిన ఫైలు వస్తుంది, సెట్టింగుల్లో ఆడియో నాణ్యతను లాస్‌లెస్‌కు, అంటే ఏదీ పోనిదానికి, మార్చాలి. వాట్సాప్ వాయిస్ నోటుగా మాత్రం రికార్డు చేయవద్దు. అది గొంతును బాగా పిండేస్తుంది, పోయినది తిరిగి రాదు.

కొనేటట్టయితే కాలరు మైకు (బట్టకు తగిలించే చిన్న మైకు) మొదట కొనండి. వైరున్నదైతే దాని పిన్ను మీద నల్ల గీతలు మూడుండాలి. రెండే ఉంటే అది కెమెరాకు చేసినది, ఫోనుకు గుచ్చినా ఫోను తన సొంత మైకుతోనే రికార్డు చేసుకుపోతుంది. మైకును గోటితో గీకి, ఆ చప్పుడు పెద్దగా వస్తోందో లేదో వినడమే పరీక్ష. చీర కట్టుకున్నవాళ్లకు మైకు ఎడమ భుజం మీద పైటకు పిన్నీసు పెట్టే చోట, గడ్డానికి జానెడు కింద తగిలించండి. మధ్యలో పెడితే నల్లపూసలు, గొలుసు దానికి కొట్టుకుంటాయి. గంజి పెట్టిన చీర, పట్టుచీర గరగరలాడతాయి, ఉతికి మెత్తబడిన నూలు చీర మేలు. చేతి రికార్డరు కొనదలిస్తే 32 బిట్ ఫ్లోట్ ఉన్నది చూడండి, జూమ్ హెచ్1 ఎసెన్షియల్ లాంటిది. ఉన్నట్టుండి పెద్దగా నవ్వినా గొంతు పగలదు. మామూలు యంత్రంలో అయితే మాట గరిష్ఠంగా మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేట్టు పెట్టుకోవాలి. సున్నాను, అంటే యంత్రం అందుకోగల హద్దును, తాకి చిట్లిన గొంతును పూర్తిగా బాగుచేయలేం.

ఒక నిమిషం రికార్డు చేసి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాకే అసలు పని మొదలుపెట్టండి.

ఊ కొట్టడం

ఇది మన ఇళ్లలో బాగా ఎదురయ్యే చిక్కు. రేడియో పద్ధతి తెలిసినవాళ్లు ‘ఎదుటివాళ్లు చెబుతుంటే నోరు మెదపొద్దు’ అంటారు. మన పెద్దవాళ్లకు ఊ కొట్టేవాళ్లు లేకపోతే కథ సాగదు. ‘వింటున్నావా?’ అని ఆగిపోతారు. అదే మాట మాటకీ ‘ఊఁ, ఊఁ’ అంటే ఎడిటింగులో ప్రతి వాక్యం తోకకూ మీ గొంతు అతుక్కుని ఉంటుంది. మధ్యేమార్గం ఉంది. కళ్లలోకి చూస్తూ తల ఊపండి. వాక్యం పూర్తిగా పడ్డాక, ఒక క్షణం ఆగి ఒక్కసారి ఊ కొట్టండి, మాట మీద మాట పడకుండా. రెండు మైకులుంటే మీది విడిగా రికార్డవుతుంది, ఆ గొడవే లేదు. పూర్తయిన ఆడియోలో కొన్ని ఊలు ఉంచేయమనే నా సలహా. వినేవాడున్నాడన్న గుర్తు ఉంటేనే అది కథలా ఉంటుంది, లేకపోతే సాక్ష్యం చెప్పినట్టుంటుంది.

జవాబు అయిపోయిందనిపించాక వెంటనే తర్వాతి ప్రశ్న వేయవద్దు. మనసులో ఐదు లెక్కపెట్టండి. అసలు మాట చాలాసార్లు ఆ ఐదులోపే వస్తుంది.

చుట్టూ జనం ఉండకూడదు. ‘కాదొదినా, అప్పుడు నువ్వింకా కాపురానికి రాలేదు’ అని ఒకరు దిద్దగానే చెప్పేవాళ్లు ముడుచుకుపోతారు. మొదట ఒంటరిగా చెప్పించి, రెండో కూర్చోవడంలో అక్కనో తమ్ముణ్ణో పక్కన చేర్చండి. ‘నువ్వు నూతిలో పడ్డావు’, ‘నేను కాదు, పడింది నువ్వు’ అని వాళ్లిద్దరూ వాదులాడుకుంటే మీరు కదలకండి. ఆ వాదన కంటే మంచి ఆడియో దొరకదు.

లేచే ముందు అందర్నీ మాట్లాడకుండా కూర్చోబెట్టి ఒక నిమిషం ఖాళీ గది రికార్డు చేయండి. కోతల మధ్య సందులు పూడ్చడానికి ఆ నిశ్శబ్దమే కావాలి. దాన్ని మరిచిపోనివాళ్లు తక్కువ. ఇంకా గేటు, గిలక, కవ్వం, రోకలి, వాకిట్లో కళ్లాపి చల్లే చప్పుడు, ఏది కథలో వస్తే దాన్ని ఒక్కో నిమిషం విడిగా తీసుకోండి.

దూరదేశాల్లో ఉన్నవాళ్లు

వీడియో కాల్‌ను రికార్డు చేస్తే గొంతు నలిగి వస్తుంది. అక్కడ ఇంట్లో రెండు ఫోన్లు కావాలి: ఒకటి కాల్‌కు, రెండోది పక్కన రికార్డింగుకు. ఒకే ఫోనుతో రెండూ చేద్దామంటే కాల్ నడుస్తుండగా చాలా ఫోన్లు రికార్డరుకు మైకు ఇవ్వవు, గంట తర్వాత ఖాళీ ఫైలు చేతికొస్తుంది. కాల్ స్పీకరు మీద పెట్టవద్దు, మీ గొంతు కూడా అందులో పడుతుంది. పెద్దవాళ్లకు ఒక చెవికి ఇయర్‌ఫోను పెట్టించండి. మీ వైపు మీరు రికార్డు చేసుకోండి. మొదట్లో అక్కడివాళ్లతో ఒకసారి చప్పట్లు కొట్టిస్తే, అది రెండు ఫైళ్లలోనూ ఉంటుంది కాబట్టి తర్వాత జత కలపడం తేలిక. ఫైలు వాట్సాప్‌లో పంపేటప్పుడు ఆడియోగా కాక డాక్యుమెంటుగా పంపమనండి, అప్పుడే ఉన్నది ఉన్నట్టు వస్తుంది.

అనుమతి

రికార్డింగు మొదట్లోనే, మైకు నడుస్తుండగా అడగండి: ‘అమ్మమ్మా, ఇది మన ఇంట్లోవాళ్లకే వినిపించనా, బయటివాళ్లకు కూడానా?’ ఆ జవాబు ఫైల్లో ఉండాలి. పొలం పంపకాలు, మారుమనువులు, కులం బయట పెళ్లిళ్లు, తొందరపడి చేసుకున్న చావులు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి, అవే నోట వస్తాయి కూడా. రానివ్వండి, ఆపకండి. కానీ ఒకసారి ఫ్యామిలీ గ్రూపులో పడ్డ ఫైలు మళ్లీ మన చేతిలో ఉండదు. బతికున్న మూడో మనిషి పరువు అందులో ఉంటే ఆ ముక్క అసలు ఫైల్లో దాచుకోండి, పంచే దాంట్లోంచి తీసేయండి. ‘ఇది రాసుకోవద్దు’ అని వాళ్లన్న ప్రతి చోటా సమయం నోట్ చేసుకుని మాట నిలబెట్టుకోవాలి.

కోత, అతుకు

అక్షరం అక్షరం రాసుకోవాలనుకుంటే పని అక్కడే ఆగిపోతుంది. ఒక నోటుబుక్కులో రెండేసి నిమిషాలకు ఒక వాక్యం చాలు: ‘14:20, బిందె కథ, నవ్వు’, ‘16:40, బడి మాన్పించడం, గొంతు వణికింది’. మంచివాటికి చుక్క పెట్టండి. చుక్కలన్నీ చిన్న చీటీల మీద రాసి నేల మీద పరిచి వరస మార్చుకోండి. జరిగిన వరసే చెప్పే వరస కానక్కర్లేదు. మొదటి 30 సెకన్లలో ఒక గొంతు, ఒక వస్తువు, ఒక ప్రశ్న వినిపించాలి. ‘నా పేరు ఫలానా, మాది ఫలానా ఊరు’ అన్నది తర్వాత పెట్టినా ఫరవాలేదు.

ఆడాసిటీ అనే ఎడిటింగు సాఫ్ట్‌వేరు ఉచితం, ఈ పనికి సరిపోతుంది. అసలు ఫైలు ముట్టుకోకుండా నకలు మీద చేయండి. కోత ఎప్పుడూ ఊపిరికి ముందు వేయాలి, ఊపిరి తర్వాతి మాటకు అంటుకునే ఉండాలి. ఊపిర్లన్నీ తీసేస్తే మనిషి యంత్రంలా మాట్లాడతాడు. అతుకు దగ్గర టిక్కుమంటే 10 నుంచి 20 మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్ (ఒక ముక్క తగ్గుతుండగా రెండోది పెరిగేట్టు కలపడం) ఇవ్వండి. ఫ్యాను, రోడ్డు గుర్రుమోతకు 80 హెర్ట్జ్ దగ్గర హైపాస్ ఫిల్టరు (అంతకంటే లోతైన మోతను కోసేసేది) వేస్తే చాలావరకు పోతుంది. నాయిస్ రిడక్షన్ ఆరు నుంచి తొమ్మిది డెసిబెల్స్ దాటనివ్వకండి. ఎక్కువ వేస్తే గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టు అవుతుంది. మొదటిసారి చేసేవాళ్లందరూ ఇక్కడే చెడగొడతారు, కొంచెం మోత ఉన్న నిజమైన గొంతే నయం. చివర్లో లౌడ్‌నెస్ నార్మలైజేషన్, అంటే మొత్తం ఆడియో గట్టితనాన్ని ఒక స్థాయికి తేవడం: మోనోకు మైనస్ 19, స్టీరియోకు మైనస్ 16 ఎల్‌యుఎఫ్ఎస్ (గట్టితనానికి కొలత).

యాసను దిద్దవద్దు. ‘పోయినం’, ‘పోయేము’, ‘పోతిమి’ ఏది వాళ్ల నోట వస్తే అదే. ఫోను చేత రాయిస్తే అది మాండలికాన్ని పుస్తకాల తెలుగులోకి తోసేస్తుంది, ఆ కాగితం చూసి ఎడిట్ చేయవద్దు. ‘శేరు’, ‘సోల’, ‘గాదె’ లాంటి మాటలు పిల్లలకు తెలియవనుకుంటే మధ్యలో మీ గొంతుతో ఒక్క వాక్యం చెప్పండి. మీ వ్యాఖ్యానం మొత్తం రెండు నిమిషాలు మించకూడదు, మాట్లాడే తెలుగులో ఉండాలి. రాసుకున్నది పైకి చదివినప్పుడు నాలుక తడబడితే ఆ వాక్యం మార్చండి. సినిమా పాట వెనక పెట్టాలని అందరికీ అనిపిస్తుంది. బయట పెడితే హక్కుల చిక్కు, ఇంట్లో వింటే అనవసరం. తాతయ్య స్వయంగా పాడిన రెండు చరణాలుంటే మాత్రం వదలకండి.

పాత క్యాసెట్లు దొరికితే

పెళ్లి క్యాసెట్లు, గల్ఫుకు ఉత్తరాలకు బదులు మాటలు నింపి పంపుకున్న క్యాసెట్లు చాలా ఇళ్లలో ఉన్నాయి. చేతికి రాగానే పైఅంచున ఉన్న రెండు ప్లాస్టిక్ పలుకులు విరిచేయండి, పొరపాటున రికార్డు బటన్ నొక్కినా చెరిగిపోదు. లోపల తెల్లటి బూజు కనిపిస్తే ఆడించవద్దు, అది ప్లేయరుకూ తర్వాతి క్యాసెట్‌కూ అంటుకుంటుంది. టేపు వెనక చిన్న ఫెల్టు మెత్త ఊడిపోయి ఉంటే గొంతు లోతుల్లోంచి వస్తుంది, మరో పాత క్యాసెట్‌లోది తీసి అతికించవచ్చు. ఆడించే ముందు ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కి తిప్పండి. ప్లేయరులో టేపును చదివే హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడవండి. యూఎస్‌బీతో వచ్చే చవక ప్లేయర్లలో వేగం నిలకడగా ఉండదు, బాగా పనిచేసే పాత క్యాసెట్ డెక్ లైన్ అవుట్ (శబ్దాన్ని బయటికిచ్చే సాకెట్) నుంచి కంప్యూటరుకు తీసుకోవడం మేలు. సి-90 క్యాసెట్‌కు 90 నిమిషాలూ కూర్చోవాల్సిందే, దగ్గరిదారి లేదు.

దాచడం, వినిపించడం

ఫైలు పేరు సంవత్సరం, నెల, తేదీ వరసలో మొదలై మనిషి పేరు, వరస సంఖ్యతో ముగియాలి. ‘కొత్త రికార్డింగ్ 47’ ఎవరిదో పదేళ్ల తర్వాత ఎవరికీ తెలియదు. అసలు వేవ్ ఫైళ్లు మూడు చోట్ల ఉంచండి: కంప్యూటరు, బయటి డిస్కు, ఇంకో ఊళ్లో ఉన్న తమ్ముడి దగ్గరో క్లౌడ్‌లోనో. పంచడానికి మోనో ఎంపీ3, 96 కేబీపీఎస్ చాలు. 12 నిమిషాలు తొమ్మిది ఎంబీ లోపే వస్తుంది, పల్లెలో సిగ్నల్ సన్నగా ఉన్నా దిగుతుంది.

గ్రూపులో పెట్టకముందు చెప్పినవాళ్లకు వినిపించండి, మంచి స్పీకరు మీద, వాళ్ల చెవికి సరిపడా గట్టిగా. ‘నా గొంతు ఇలా ఉంటుందా’ అంటారు మొదట. తర్వాత ‘ఆ పేరు అది కాదు, నేను తప్పు చెప్పాను’ అంటారు. ఆ తర్వాత, మొదటిసారి చెప్పకుండా వదిలేసింది మొదలుపెడతారు. అందుకని వినిపించే రోజు కూడా అడిగి, రెండో ఫోను తువ్వాలు మీద పెట్టి, రికార్డింగు నడుస్తూ ఉంచండి.